కొల్లేటి కాంటూరు వివాదము: ఒక సమీక్ష

కృష్ణా, గోదావరీ డెల్టాల నడుమ, ఆ రెండు నదులు యుగయుగములుగా తెచ్చిపోసిన ఒండ్రుమట్టికి మధ్య పల్లముగా మిగిలిపోయిన కొల్లేటి సరస్సును గూర్చి గడచిన పాతికేండ్లుగా ఆంధ్రదేశములో సాగుచున్న వాదమంతయు రెండంకెల చుట్టు తిరుగుచున్నది: ఐదు, మూడు. సముద్రమట్టమునకు ఐదడుగుల యెత్తున పోవు కాంటూరు రేఖకు లోపలి భూమి యావత్తును వన్యప్రాణి అభయారణ్యముగా నుండవలెనని ప్రభుత్వోత్తరువు శాసించుచున్నది. ఆ రేఖను మూడడుగులకు కుదించి, తక్కిన భూమిని దానిపై బ్రదుకుచున్నవారికి విడిచిపెట్టవలెనని లంక గ్రామములు కోరుచున్నవి. ఎన్నికల సభలలోను, శాసనసభలోను, న్యాయస్థానములలోను, పక్షిశాస్త్రజ్ఞుల నివేదికలలోను ఈ రెండంకెలే మాఱుమ్రోగుచుండగా, వాటి వెనుకనున్న భూమి యెవరిది, నీరెవరిది, లాభమెవరిది అను ప్రశ్నలు మరుగున పడినవి. చిక్కుపడిన ఈ దారములను వేఱుచేసి చూపుటయే ఈ సమీక్ష యుద్దేశము. భూసంరక్షణము, ఆర్థికాభివృద్ధి, న్యాయము అను మూడును ఒకదానినొకటి త్రోసికొనకుండ ఒకే నేలపై నిలువగలవా యను పెద్దప్రశ్నకు మన రాష్ట్రమున కొల్లేటికంటె మంచి పరీక్షాస్థలము కానరాదు.

పళ్లెము వంటి నేల

సరస్సనగానే చుట్టును ఒడ్డును, నడుమ లోతైన నీరును మనసునకు తోచును. కొల్లేరు అట్టిది కాదు. అన్నము వడ్డించిన పళ్లెము వలె అంచులు కంటికి తెలియనంత యేటవాలుగా పఱచుకొన్న నేల యది. అందుచేత దానికొక స్థిరమైన తీరము లేదు. ఏ మట్టమున కొలిచిన ఆ మట్టమునకు తగిన సరస్సు కనబడును. మూడడుగుల కాంటూరు వఱకు కొలిచినచో సుమారు 135 చదరపు కిలోమీటర్లు. ఐదడుగుల వఱకు కొలిచినచో 308. పదడుగుల వఱకు పోయినచో 901. నిలువున చూచిన రెండడుగుల తేడా మోకాటిలోతు. అడ్డముగా చూచినచో అది సరస్సులో సగముకంటె నెక్కువ. ఈ యొక్క సంగతి మనసున నుంచుకొననిదే వివాదములోని తీవ్రత బోధపడదు.

బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు, గుండేరు అను వాగులు మెట్ట ప్రాంతములనుండి వచ్చి ఇందులో కలియును. రెండు డెల్టాల చేలనుండి దిగివచ్చు మురుగుకాలువలు, చిన్నవి పెద్దవి కలిపి, అఱువదికి పైగా నున్నవి. వచ్చు దారులిన్ని కాగా పోవు దారి యొక్కటే. ఉప్పుటేరు అను కాలువ సుమారు అఱువది కిలోమీటర్లు వంకరలు తిరుగుచు పోయి బంగాళాఖాతమున పడును. వానకాలములో పైనుండి వచ్చిపడిన నీటిని కడుపులో దాచుకొని, ఉప్పుటేటిగుండ మెల్లమెల్లగా సముద్రమునకు వదలుట కొల్లేటి ప్రధానకార్యము. వేసవిలో ఇన్ని కాలువల రాకడ తగ్గి సముద్రపు పోటు బలిసినపుడు, అదే ఉప్పుటేటి వెంట ఉప్పునీరు వెనుకకెక్కుటయు కలదు.

ఈ సరస్సును చెడగొట్టినది చేపల చెఱువులేయని అనుకొనుట తఱచు వినబడుచున్నది గాని చరిత్ర అంత సూటిగా లేదు. 1852లో ధవళేశ్వరపు ఆనకట్టయు, 1855లో బెజవాడ ఆనకట్టయు పూర్తియైన నాటినుండి రెండు డెల్టాలును వరిపొలములై, ఆ పొలముల మిగులునీరు చేరవలసిన గుంటగా కొల్లేరు మాఱినది. తరువాత ఎరువులు వచ్చినవి, పురుగుమందులు వచ్చినవి, ఏలూరు మొదలగు పట్టణముల మురుగు వచ్చినది, కర్మాగారముల వ్యర్థజలములు వచ్చినవి. కొల్లేటిని కాపాడుడని సభలలో తీర్మానములు చేయు డెల్టా రైతునకు, తన చేనిపై చల్లిన మందు చివరకు చేరునది ఆ కొల్లేటికే యను సంగతి గుర్తుకు వచ్చుట అరుదు.  

వరినుండి చేపకు

సరస్సు గర్భమునను, అంచులను నలువదియాఱు లంక గ్రామములు, వాటి చుట్టును డెబ్బదియాఱు గ్రామములు ఉన్నట్లు లెక్క చెప్పుదురు. లంకలలో వడ్డీలను కులమువారు పూర్వమునుండి మత్స్యజీవులు. వెదురుపుల్లలు అల్లి నీటిదారికడ్డముగా నిలిపెడి మావులతోను, వలలతోను, తాటిదోనెలతోను వారు నడిపిన జీవితమునకు పట్టా లేదు, అడంగలు లేదు; నీరే వారి చేను. కొఱమీను, వాలుగ, జెల్ల, ఇంగిలాయి ఆ చేనిలో విత్తకయే పండిన పంట. నీరు తీసిన నెలలలో పల్లములను దున్ని వరి వేసినవారును కలరు. అయితే ఆ వరి చేతికి వచ్చుట దైవాధీనము. తుపానుకో, అకాలపు వరదకో మునిగిన చేలే యెక్కువ.

ఈ దుఃస్థితిని తప్పించుటకై 1970ల నడుమ, జలగం వెంగళరావుగారి ప్రభుత్వ కాలమున, పేదలచేత సహకార సంఘములు పెట్టించి, సరస్సులో చేపల చెఱువులను త్రవ్వించి యిచ్చు విధానము బలపడెను. కొల్లేటిలోని తొలి గట్లను పోయించినది దొంగచాటు ఆక్రమణదారుడు కాడు, సాక్షాత్తు ప్రభుత్వము. ఈ సంగతిని రక్షణవాదులు మఱచిపోవుట పరిపాటి. నాటి దృష్టిలో అది నిందింపదగిన పనియును కాదు. మునిగిపోవు వరికంటె నీటిలోనే బ్రదుకు చేప మేలని తోచుట సహజము.

చేపల చెఱువు ఎట్లుండునో దగ్గఱనుండి చూచిన గాని తరువాతి పరిణామము అర్థము కాదు. దానిని లోతుగా త్రవ్వరు. అంచుల వెంట మట్టి తీసి నలువైపుల ఎత్తైన గట్టు పోయుదురు. ఇంజనుతో నీరు తోడి నింపి, బొచ్చె, శీలావతి పిల్లలను వదలుదురు. చెఱువు నిండ వరుసగా పాతిన గడకఱ్ఱలకు బస్తాలు వ్రేలాడుచుండును. తవుడును చెక్కయు కలిపి నింపిన ఆ బస్తాల అడుగున చిన్నచిన్న రంధ్రములుండును. చేపలు వాటికి మూతులు చేర్చి మేతను పీల్చుకొని తినును. తెల్లవాఱకముందే కూలివాడు పడవపై గడనుండి గడకు పోయి బస్తాలు కట్టివచ్చును. ఖాళీయైన బస్తాలను మఱల విప్పి తెచ్చును. పట్టుబడి నాడు చేపను మంచులో పఱచి లారీకెత్తిన, అది హావ్‌డాకో, అస్సాముకో చేరును. బెంగాలీ కంచములోని చేపకు కైకలూరు, ఆకివీడు ప్రాంతము పేరు తెలియకపోవచ్చును గాని, లోతట్టు మత్స్యోత్పత్తిలో ఆంధ్రప్రదేశము దేశమున ప్రథమస్థానమున నిలిచినదన్న, అందులో ఈ చుట్టుపట్ల చెఱువుల పాలు పెద్దది.

తవుడు, చెక్క, చేపపిల్ల, డీజిలు, మంచు, లారీకిరాయి: వీటన్నిటికిని పెట్టుబడి కావలెను. సంఘములోని పేదసభ్యునికి చెఱువులో భాగము వచ్చెను గాని పెట్టుబడి రాలేదు. అందుచే సంఘములు తమ చెఱువులను ధనవంతులకు లీజునకు ఇచ్చినవి. సభ్యునకు ఏటేట లీజు సొమ్ములో కొంత దక్కెను; కొందఱికి తమ చెఱువుమీదనే కావలివాని కొలువు దొరకెను. కాలక్రమమున లీజు కాగితమైనను లేని గట్లు నడిసరస్సులో లేచినవి. 2001 ఫిబ్రవరి నాటి ఉపగ్రహ ఛాయాచిత్రమును పరిశీలించిన శాస్త్రజ్ఞులు, తాము కొలిచిన 245 చదరపు కిలోమీటర్ల సరస్సులో నూటికి 42 పాళ్లు చేపల చెఱువులతోను, 8.5 పాళ్లు వ్యవసాయముతోను నిండెననియు, చెఱువుల సంఖ్య వేయిని దాటెననియు, తక్కినదంతయు గుఱ్ఱపుడెక్క, కిక్కిస మొదలగు కలుపుతో కప్పబడి, తేటనీరు ఛాయాచిత్రమున ఎక్కడను కనబడలేదనియు తేల్చిరి.

ఉత్తరువు, పొక్లెయిన్లు, తీర్మానము

1999 అక్టోబరు 4వ తేదీన వెలువడిన 120వ నంబరు జీవో ఐదడుగుల కాంటూరు వఱకుగల 308 చదరపు కిలోమీటర్లను అభయారణ్యముగా ప్రకటించెను. చేపల చెఱువులు నిషిద్ధములు. సంప్రదాయపు చేపల వేటయు, రసాయనములు లేని సాగును అనుమతములు. 2002 ఆగస్టులో అంతర్జాతీయ చిత్తడినేలల రామ్‌సర్ ఒడంబడిక పట్టికలో కొల్లేరు చేరెను. అక్కడ చూపిన విస్తీర్ణము 90,100 హెక్టార్లు, అనగా పదడుగుల కాంటూరు వఱకు. ప్రపంచమునకు మనము చూపిన సరస్సు, మన చట్టము కాపాడు సరస్సునకు మూడు రెట్లు. ఈ వైరుధ్యమును ఇంతవఱకు ఎవరును గట్టిగా ప్రశ్నింపలేదు.

ఉత్తరువు కొన్నేండ్లు కాగితముపైననే యుండెను. సర్వోన్నత న్యాయస్థానము నియమించిన కేంద్ర సాధికార సంఘము పరిశీలించి సిఫారసు చేసిన మీదట ఆ న్యాయస్థానము ఆదేశింపగా, 2006లో గట్ల ధ్వంసము జరిగెను. పొక్లెయిన్లు దిగినవి; నలువది వేల ఎకరములకు పైబడిన చెఱువుల గట్లు కొన్ని నెలలలో తెగినవి. పర్యావరణ చరిత్రలో ఇంత పెద్ద యెత్తున ఆక్రమణలను తొలగించిన ఘట్టములు మన దేశమున అరుదు. అయితే బినామీ పేర్లతో వందలాది ఎకరములు చుట్టుకొన్నవాని గట్టును, సంఘములోని పేదవాని గట్టును యంత్రము ఒకే తీరున పగులగొట్టెను. మొదటివాడు మఱియొక చోట పెట్టుబడి పెట్టుకొనెను. రెండవవాడు వలసపోయెను.

రెండేండ్లు తిరుగకముందే, 2008లో, రాష్ట్ర శాసనసభ అభయారణ్యమును మూడడుగులకు కుదింపవలెనని తీర్మానించెను. ఇందు చట్టపరమైన యొక చిక్కు కలదు: 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము ప్రకారము ఒకసారి ప్రకటించిన అభయారణ్యపు హద్దులను జాతీయ వన్యప్రాణి మండలి సిఫారసు లేనిదే మార్ప వీలులేదు. కావున శాసనసభ తీర్మానము ఎంత ఏకగ్రీవమైనను విన్నపమే గాని నిర్ణయము కానేరదు. ఆ విన్నపమును పరిశీలించుటకై 2010లో కేంద్ర పర్యావరణశాఖ, సలీం అలీ పక్షిశాస్త్ర కేంద్రమునకు చెందిన పి. ఏ. అజీజుగారి యాధిపత్యమున నిపుణుల సంఘమును నియమించెను. మఱుసటి యేట వచ్చిన నివేదిక కుదింపునకు సమ్మతింపలేదు. అటుపిమ్మట గట్లు మెల్లగా మఱల లేచినవి. 2025లో సర్వోన్నత న్యాయస్థానము ధిక్కరణ వ్యాజ్యమున మఱల ఆదేశములిచ్చెను. మఱల గండ్లు కొట్టుట మొదలయ్యెను. ఈ పరిణామములను ప్రభుత్వముల వారీగా పంచి నిందించుట సులభము. ఏ పక్షము అధికారమున నున్నను కథ నడక మాఱలేదన్నది మాత్రము గమనింపదగినది.

రక్షణవాదుల పక్షము

వీరి వాదమున పక్షులు ముందు నిలుచును గాని, బలమంతయు నీటిలో నున్నది. ఆటపాకలో గూడబాతులు గుంపులుగా చేరి పిల్లలను చేయుట చూడ ముచ్చటయే. దూరదేశములనుండి శీతకాలమున వలసవచ్చు పక్షులకు ఈ పల్లము విడిది. అయినను పక్షులు లేకున్నను కొల్లేటిని కాపాడవలసిన అవసరము తగ్గదు. ఐదడుగుల రేఖ లోపలి ప్రతి గట్టును వరదనీరు పఱచుకొనవలసిన చోటును ఆక్రమించుచున్నది. ఆ నీరు గట్లమధ్య ఇఱుకుదారిన పోలేక లంకలపైకి, ఎగువ గ్రామములపైకి లేచును. 2024 సెప్టెంబరులో బుడమేరు విజయవాడను ముంచినపుడు ఈ వాదమునకు క్రొత్త బలము చేకూరినది. నిజమునకు ఆ వరదకు ప్రధానకారణము బుడమేటి మళ్లింపు కాలువకు పడిన గండ్లు. ఆ పాపమును కొల్లేటి గట్లపై మోపుట సరికాదు. కాని బుడమేటి నీరు చివరకు చేరవలసినది కొల్లేటికే గావున, దిగువ చోటు తగ్గినకొలది ఎగువ ఊరటయు తగ్గుననుట మాత్రము యథార్థము.

ఈ పక్షపు లోపములు రెండు. మొదటిది, కొల్లేటిని మానవస్పర్శ లేని ప్రకృతిగా చిత్రించుట. ఆటపాక గూడబాతులు నేడు గూళ్లు కట్టుకొనుచున్నది చాలవఱకు నిర్వహించబడుచున్న యొక చెఱువులో, అటవీశాఖ నిలిపిన కృత్రిమపు మంచెలపై. మేతకు పోవునది చుట్టుపట్ల చేపల చెఱువులకు. ఇది చెఱువులను సమర్థించుటకు చాలదు గాని, పక్షి ఒకవైపు, చేపల రైతు ఒకవైపు అను చిత్రము మాత్రము నిలువదు. రెండవ లోపము గురుతరము. పరిహారమును వీరు పని పూర్తియైన పిదప తలచుకొను విషయముగా చూచిరి. భూమిని ముందు కాపాడి, మనుష్యులకు తరువాత న్యాయము చేయుదమనిన, ఆ తరువాత యనునది రాకపోవుట ఇచ్చటనే తేటతెల్లమైనది.

కుదింపువాదుల పక్షము

ఐదడుగుల రేఖ లోపల సొంత పట్టా గల జిరాయితీ భూములు దాదాపు 15 వేల ఎకరములు; ప్రభుత్వము పేదలకిచ్చిన డి-ఫారం పట్టా భూములు 5 వేల ఎకరములకు పైగా. తాతలనాటి పట్టా చేతనుంచుకొని, దానిపై అప్పు పుట్టక, అమ్ముకొనరాక, చెఱువు వేయరాక, వేసిన వరి మునిగిన అడుగువాడు లేక, అటవీశాఖ నోటీసులకు జవాబు చెప్పుకొనుచున్న మనుష్యుని కష్టము కల్పితము కాదు. అభయారణ్యమును ప్రకటించునపుడు హక్కుల విచారణ జరిపి, భూమిని సేకరించి వెల యిచ్చుటయో, హక్కును కొనసాగనిచ్చుటయో చేయవలెనని చట్టమే చెప్పుచున్నది. ఆ పని సరిగా జరుగలేదన్న ఫిర్యాదు నేటికిని నిలిచియున్నది. రేఖను నేలపై గుర్తించుటలో తప్పులున్నవన్న ఫిర్యాదు కూడ కొట్టివేయదగినది కాదు. పళ్లెము వంటి నేలపై బెత్తెడు తప్పు వందల గజములు జరుగును.

ఇంతవఱకు వీరి వాదము సబలము. ఇక లెక్క చూతము. ఐదడుగులనుండి మూడడుగులకు కుదించిన విడుదలయగునది 173 చదరపు కిలోమీటర్లు, అనగా సుమారు 43 వేల ఎకరములు. జిరాయితీ, డి-ఫారం భూములన్నియు ఆ రెండు రేఖల నడుమనే యున్నవనుకొన్నను అవి 20 వేల ఎకరములకు కొంచెము మించును. మిగిలిన 22 వేల పైచిలుకు ఎకరములు ఎవరి పట్టాకును చెందని ప్రభుత్వభూమి. జిరాయితీ రైతు కన్నీరు చూపి అడుగుచున్న వరములో సగమునకు మించిన భాగము ఆ రైతుది కాదు. అది ఎవరి చేతికి పోవునో, సహకార సంఘముల చెఱువుల లీజుల చరిత్ర తెలిసినవారికి వేఱుగ చెప్పనక్కఱలేదు. కుదింపువాదమును నేను సంశయించుటకు ముఖ్యకారణము పక్షులు కావు. ఈ తీసివేత లెక్క.

న్యాయము ఎవరికి?

ఈ రెండు పక్షములును "కొల్లేటి ప్రజలు" అను నొక్క మాటను వాడుచుండును. ఒకరు ఆ ప్రజలు దోషులందురు. ఒకరు ఆ ప్రజలు బాధితులందురు. ప్రజలొక్కరు కారు. గడచిన కొన్నేండ్లలో సామాజిక శాస్త్రజ్ఞులును, హక్కుల సంఘములవారును బలపఱచుచున్న మూడవ ఆలోచనాసరణి ఇచ్చటినుండియే బయలుదేరుచున్నది. నా యభిప్రాయమున వివాదమునందు అత్యంత సారవంతమైనదియు, అత్యల్పముగా చర్చింపబడినదియు నిదియే.

జిరాయితీదారునకు భూమిపై సంపూర్ణ స్వామ్యము కలదు. అతనికి కావలసినది వెల, లేదా సాగుహక్కు. డి-ఫారం పట్టాదారు భూమిని అనుభవింపవచ్చును గాని స్వేచ్ఛగా అమ్మరాదు. 1977 నాటి చట్టము ఆ బదిలీలను నిషేధించెను. అయినను అతని పట్టా పేరుతో చెఱువు నడుపుచున్నది మఱియొకడు. సంఘ సభ్యునకు ఏటేట వచ్చు లీజుభాగమే ఆస్తి. గట్టు తెగిననాడు అదియు తెగెను. గడకఱ్ఱలకు బస్తాలు కట్టిన కూలివానికి ఏ కాగితమును లేదు. లీజుదారు, పెట్టుబడిదారు వేఱు. అతని నష్టము వ్యాపారనష్టము. కడపట మావుల వడ్డీ: అతనికి తెఱపి నీరు కావలెను, భూమి కాదు. చెఱువుల గట్లు లేచినకొలది అతని చేను ఇతరుల చెఱువు లోపలికి పోయెను. గట్లు కొట్టివేసిననాడు ఎవరైన లాభింపవలసినచో అతడు లాభింపవలెను; కాని అప్పటికే గుఱ్ఱపుడెక్కయు, మురుగును, పురుగుమందులును అతని చేపను తిని వేసినవి. అభివృద్ధిచేత ఒకసారి, సంరక్షణముచేత మఱియొకసారి నష్టపడిన వర్గము కొల్లేటిలో నున్నదన్న, అది ఇదియే. వాదప్రతివాదముల కాగితములలో అతని పేరు "సంప్రదాయ మత్స్యకారుడు" అను మాటగా మాత్రము కనబడును.

ఇన్ని హక్కులకు ఒకే రేఖతో న్యాయము చేయుట అసాధ్యము. రేఖ నీటికి సంబంధించిన నిర్ణయము; న్యాయము మనుష్యులకు సంబంధించినది. ఈ రెంటిని వేఱుచేసినచో దారి కొంత కనబడుచున్నది. జిరాయితీ భూమిని 2013 నాటి భూసేకరణ చట్టము ప్రకారము కొనవచ్చును. కొనలేనిచో, వరదకాలమున ఆ భూమిపై నీరు నిలుపుకొనుటకు, రసాయనములు లేక సాగుచేయుటవలన తగ్గు రాబడికి, ఏటేట సొమ్ము చెల్లింపవచ్చును. పక్షులకును వరదకును ప్రజలందఱి తరపున చోటిచ్చుచున్న రైతు ఆ భారమును ఒంటరిగా మోయనక్కఱలేదు. వడ్డీలకు తెఱపి నీటిలో వేటహక్కును గ్రామముల వారీగా నమోదుచేసి, 2002 సవరణ చేర్చిన సామూహిక రక్షితప్రాంతముల వంటి పద్ధతిని అంచుగ్రామములలో ప్రయత్నింపవచ్చును. వీటికయ్యెడి ఖర్చు తక్కువ కాదు. ఎంతయగునో చెప్పగలిగిన లెక్క ఎవరి యొద్దను లేదు. లెక్క లేనందున ఖర్చే లేదన్నట్లు రెండు పక్షములును మాటలాడుచున్నవి.

చిలిక నుండి నేర్వదగినది

ఒడిశాలోని చిలిక కొల్లేటికి పెద్దక్క వంటిది. అచ్చటను కలుపు పెరిగినది, ఉప్పు తగ్గినది, రొయ్యల గట్లు లేచినవి. ప్రమాదమునబడిన చిత్తడినేలల పట్టికలో 1993లో చిలిక చేరెను. ఆ రాష్ట్రము 1991లోనే సరస్సు కొక ప్రత్యేక ప్రాధికార సంస్థను ఏర్పఱచియుండెను; శాస్త్రజ్ఞుల అధ్యయనము పిమ్మట 2000 సెప్టెంబరులో సముద్రమునకు క్రొత్త ముఖద్వారమును త్రవ్విరి. నీటి రాకపోకలు కుదుటపడగా 2002లో ఆ పట్టికనుండి చిలిక పేరు తొలగెను. రేఖలను గూర్చి తగవులాడక ముందు నీటిని సరిచేసిరి.

అయితే చిలికను స్వర్గముగా చూపువారు మఱియొక పుట త్రిప్పవలెను. రొయ్యల చెఱువులపై 1996లో సర్వోన్నత న్యాయస్థానము తీర్పిచ్చినను గట్లు పోలేదు. 1999లో సొరాన గ్రామమున గట్లను కొట్టివేసిన మత్స్యకారులపై పోలీసుకాల్పులు జరిగి నలుగురు మరణించిరి. నీటి సమస్యకు పరిష్కారము దొరకిన చోటనే న్యాయసమస్య నెత్తుటి మఱకలతో మిగిలెను. కొల్లేటిలో రెవిన్యూశాఖ, అటవీశాఖ, మత్స్యశాఖ, జలవనరులశాఖ నాలుగును నాలుగు వైపుల లాగుచున్నవి. ప్రాధికార సంస్థను చిలికనుండి ఎరువు తెచ్చుకొనుట సులభమే. ఆ సంస్థలో మావుల వడ్డీకి కుర్చీ వేయుట చిలిక కూడ నేర్పలేని పాఠము.

తేలనివి

ఉప్పుటేటిపై రెగ్యులేటరు కట్టి నీటిమట్టమును నిలుపవలెనన్న ప్రతిపాదన దశాబ్దములనుండి వచ్చుచున్నది. దానివలన ఉప్పునీరు ఆగును, వేసవిలో నీరు నిలుచును. కాని వరద వచ్చిన రాత్రి తలుపులు ఎవరి మాటపై ఎత్తుదురు, దిగువ గ్రామములవారి మాటపైనా, ఎగువవారి మాటపైనా యన్నది ఎవరును చెప్పలేదు. మురుగునీటి శుద్ధి విషయమున పట్టణములు చేయవలసినది చేయనంతవఱకు ఐదడుగులైనను మూడడుగులైనను నిలుచునది మురుగే. డెల్టా చేలలో మందుల వాడకము తగ్గింపక, కొల్లేటి లంకలోని వరిరైతును మాత్రము రసాయనములు వాడరాదని నిర్బంధించుట సమన్యాయము కాదు.

పక్షములను ఒకచోట పెట్టి చూచిన తేలునది యిట్లున్నది. ఐదడుగుల రేఖను పరిహారము లేక అమలుపఱచిన పక్షమున నీటికి లాభము, జిరాయితీదారునకు నష్టము, వడ్డీకి సందేహము. మూడడుగులకు కుదించిన జిరాయితీదారునకు లాభము, పెట్టుబడిదారునకు అంతకంటె పెద్ద లాభము, వరదకును వడ్డీకిని నష్టము. ఐదడుగుల రేఖను నిలిపి, లోపలి హక్కులను వర్గము వర్గముగా తేల్చి వెలకట్టి చెల్లించిన రాష్ట్ర ఖజానాకు భారము. తక్కినవారిలో పెట్టుబడిదారుడు తప్ప నష్టపడువారు కానరారు. ఈ మూడవదియే సమంజసమని నా నిర్ణయము. ఇంతవఱకు ప్రయత్నింపబడనిదియు నదియొక్కటే.

అందులకు ముందు కావలసినది మహానివేదిక కాదు. ఊరూర చావడిగోడకు అతికింపదగిన పట్టిక: ఏ సర్వేనంబరు ఎవరిది, ఎవరి పేరున పట్టా, ఎవరి చేత లీజు, ఏ కుటుంబము మావులు వేయుచున్నది. 120వ నంబరు జీవో వెలువడి పాతికేండ్లు దాటినది. రేఖ లోపలి జిరాయితీదారులకు చెల్లవలసిన పరిహారము నేటికిని తేలలేదు.